పొదుపు కారు — పుట్టుపూర్వోత్తరాలు

కారు కొనదలచిన మధ్యతరగతి గృహస్థు విజయవాడలో గాని, గుడివాడలో గాని, బందరులో గాని తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది?" చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని దీని వెనుక నూరేండ్లకు పైబడిన యంత్రశాస్త్ర చరిత్ర ఉన్నది. మన దేశపు పారిశ్రామిక విధానం ఉన్నది. కృష్ణా డెల్టా భూస్వరూపం కూడా ఉన్నది. పొదుపు కారు అనగా కేవలం చవక కారు అని అర్థం కాదు. కొన్న తరువాత పది పదిహేనేండ్ల పాటు కుటుంబ ఆదాయాన్ని మింగివేయకుండా, అవసరానికి ఆగిపోకుండా నడిచేదే నిజమైన పొదుపు కారు. అటువంటి బండి ఎట్లా రూపొందినది, మన ప్రాంతానికి ఎట్లా చేరినది, దాని పొదుపును ఏ లెక్కతో కొలవవలెను అనే విషయాలను ఇక్కడ పరిశీలిద్దాం.

కాలువల నుండి రోడ్లకు

కృష్ణా డెల్టాలో ప్రయాణాలు మొదట నీటిమీదనే సాగినవి. బెజవాడ వద్ద 1852లో ప్రారంభమైన ఆనకట్ట 1855లో పూర్తి అయినది. ఆ ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరు ఇవ్వటమే గాక పడవలకు దారులు కూడా అయినవి. ఏలూరు కాలువ కృష్ణా కాలువలను గోదావరి కాలువలతో కలిపినది. గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే ఒకరిద్దరు మనుషులు టన్నుల బరువున్న పడవను ముందుకు సాగించగలిగేవారు. నీటిమీద మెల్లగా కదిలే వస్తువుకు ఎదురయ్యే నిరోధం అతి స్వల్పం కావటమే దీనికి కారణం. తక్కువ శక్తితో ఎక్కువ బరువు మోయటం పొదుపు ప్రయాణానికి మూలసూత్రం అనుకొంటే, డెల్టా ప్రజలు ఆ సూత్రాన్ని మోటారు రాకముందే అనుభవంలో ఎరుగుదురు.

మోటారు వాహనాలలో డెల్టాను మొదట ఆక్రమించినవి కార్లు కావు, బస్సులు, లారీలు. మద్రాసు–కలకత్తా రోడ్డు, హైదరాబాదు–బందరు రోడ్డు విజయవాడలో కలుసుకొనుట వలన ఈ పట్టణం లారీల కూడలి అయినది. పాత ఆనకట్ట 1952లో తెగిన తరువాత దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తి అయి, నది మీద రోడ్డు వంతెనగా కూడా ఉపయోగపడినది. 1958 జనవరిలో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. కృష్ణా జిల్లా బస్సులను జాతీయం చేయదలచిన పథకాన్ని ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టు దాకా తీసికొనిపోయినారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర గ్రంథాలలో ప్రసిద్ధమైనది ఇదే.

1960 దశకంలో పట్టణం తూర్పు దిక్కున జవహర్ ఆటోనగర్ ఏర్పడినది. ఇంజను విప్పి బిగించేవారు, స్ప్రింగు పట్టీలు కొట్టేవారు, లేతు పనివారు, లారీ బాడీలు కట్టేవారు ఒక్కచోట చేరారు. కారు కొనేవారికి దీని ప్రాముఖ్యం పెద్దది. చెడిపోయిన భాగం ఊళ్ళోనే బాగుపడునా, పక్క రాష్ట్రం నుండి రావలెనా అనేదానిని బట్టి బండి ఖర్చు నిర్ణయం అవుతుంది. లారీల కొరకు పెరిగిన ఈ పనితనం తరువాత కార్లకు కూడా అండ అయినది.

చిన్న కారు ఊహ

మోటారుకారు మొదట ధనికుల వినోద వస్తువు. 1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డు ప్రవేశపెట్టిన 'మోడల్ టి' దానిని సామాన్యుల వాడకంలోకి తెచ్చినది. 850 డాలర్ల ధరతో మొదలైన ఆ కారు, కదిలే వరుస మీద భాగాలు బిగించే పద్ధతి వలన 1925 నాటికి 260 డాలర్లకు దిగినది. అయితే అది చవక కారే గాని చిన్న కారు కాదు. దాని ఇంజను పరిమాణం దాదాపు 2,900 ఘన సెంటీమీటర్లు. ఈ కొలతనే వ్యవహారంలో సి.సి. అంటారు. సిలిండర్లలో పిస్టన్లు ఒక్కసారి కదిలినప్పుడు ఎంత ఖాళీ ఏర్పడుతుందో అది తెలుపుతుంది.

పెట్రోలు దిగుమతి చేసికొనవలసిన యూరపులో ఆలోచన మరొక దారి పట్టినది. 1922లో ఇంగ్లండులో వచ్చిన 'ఆస్టిన్ సెవెన్' ఇంజను 750 సి.సి. లోపుదే. 1948లో ఫ్రాన్సులో వెలువడిన సిట్రోయెన్ 'టు సి.వి.' ప్రత్యేకంగా రైతు కొరకు ఊహింపబడినది. రైతు దంపతులను, 50 కిలోల బంగాళాదుంపలను సంతకు మోయవలెను. దున్నిన పొలం మీదుగా పోయినా బుట్టలోని గ్రుడ్లు పగులరాదు. నూరు కిలోమీటర్లకు మూడు లీటర్ల పెట్రోలుకు మించరాదు అని దాని రూపకర్తలు షరతులు విధించుకొన్నారు. మొదటి ఇంజను 375 సి.సి., తొమ్మిది అశ్వశక్తులు మాత్రమే. వేగం కోరక, వాడేవాని దారిని, బరువును, ఖర్చును ముందు కొలుచుకొని తరువాత యంత్రాన్ని కల్పించటం ఇందలి విశేషం.

1956లో సూయజ్ కాలువ సంక్షోభం వలన ఇంగ్లండులో పెట్రోలుకు రేషను పెట్టవలసి వచ్చినది. ఆ అనుభవం ఫలితమే 1959 నాటి 'మినీ'. దాని రూపశిల్పి అలెక్ ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా తిప్పి అమర్చి, ముందు చక్రాలనే నడిపే చక్రాలుగా చేశాడు. దీనితో వెనుక చక్రాల దాకా పోయే పొడుగాటి ఇనుప ఇరుసు అక్కరలేకపోయినది. బరువు తగ్గినది, మూడు మీటర్ల బండిలో నలుగురు కూర్చోగలిగినారు. జపానులో ప్రభుత్వం 1949లోనే అతిచిన్న కార్లకు వేరొక తరగతిని ఏర్పరచినది. కొంతకాలానికి ఆ తరగతికి 360 సి.సి. హద్దు అయినది. సుజుకి సంస్థ మొదటి కారు 1955లో ఈ తరగతిలోనే పుట్టినది. దాని సంతతికి చెందిన ఒక కారు దాదాపు ముప్పై ఏండ్ల తరువాత మన దేశానికి చేరవలసి ఉన్నది.

మూడు కార్ల కాలం

మన దేశంలో స్వాతంత్ర్యానంతరం కార్ల పరిశ్రమ గట్టి కట్టుబాట్లలో పెరిగినది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మీద, భాగాలను ఇక్కడే తయారుచేసే ప్రణాళిక లేని సంస్థలు తప్పుకొనవలసి వచ్చినది. చివరకు ప్రధానంగా మూడు రకాల కార్లు నిలిచినవి. కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వారి ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ కార్లు. వీటిలో 1957లో వచ్చిన అంబాసిడర్ అన్నిటికంటె బరువైనది. దాని బరువు సుమారు 1,100 కిలోలు. కొద్ది కాలానికే అమర్చిన ఇంజను 1,489 సి.సి. ఫియట్ ఇంజను 1,089 సి.సి.; స్టాండర్డ్ టెన్ ఇంజను 948 సి.సి. మాత్రమే.

సి.సి. లెక్క చూస్తే స్టాండర్డ్ కారు పొదుపైనది. అయినను రోడ్ల మీద, టాక్సీ స్టాండులలో పైచేయి అంబాసిడర్‌దే అయినది. లీటరుకు పది కిలోమీటర్ల ప్రాంతంలో ఇచ్చే బండి ఇట్లా నిలువటానికి కారణాలు స్పష్టమే. పెండ్లివారు ఏడెనిమిది మంది ఎక్కినా, వెనుక సామాను కట్టినా అది కదిలేది. గతుకుల రోడ్డుకు ఓర్చుకొనేది. దాని నిర్మాణం ఎంత సరళమైనదంటే మామూలు పనిముట్లతో ఏ ఊరి మెకానిక్కు అయినా విప్పి బిగించగలిగేవాడు. పెట్రోలులో పోయిన డబ్బు మరమ్మతులోను, మనుషుల సంఖ్యలోను తిరిగి వచ్చినది. పొదుపుకు ఇంధనం ఒక్కటే కొలబద్ద కాదని ఈ కారు ఆనాడే చూపినది.

ఇరవై ఏండ్ల చర్చ

సామాన్యునికి అందే చిన్న కారు తయారు చేయవలెనా అనే విషయం మీద ప్రభుత్వంలో చర్చ 1950 దశకం చివరిలోనే మొదలైనది. ఎల్.కె. ఝా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ తక్కువ ధర కారు అవసరాన్ని పరిశీలించినది. తరువాత జి. పాండే అధ్యక్షతన మరొక కమిటీ విదేశీ సంస్థల ప్రతిపాదనలను పరీక్షించినది. కాని ఆనాడు విదేశీ మారకద్రవ్యం కరువు. ఉన్న ఉక్కును, పెట్రోలును బస్సులకు, లారీలకు వినియోగించటమే మేలు అని ప్రణాళికా కర్తలు భావించారు.

ఆ వాదంలో సత్యం లేకపోలేదు. లీటరుకు అయిదు కిలోమీటర్లు మాత్రమే నడిచే బస్సులో ఏబది మంది కూర్చుంటే, ఒక్క లీటరు ఇంధనంతో 250 మంది–కిలోమీటర్ల ప్రయాణం జరుగుతుంది. లీటరుకు ఇరవై కిలోమీటర్లు ఇచ్చే కారులో నలుగురు కూర్చున్నా అది ఎనభై మాత్రమే. నిండిన బస్సు ముందు ఏ చిన్న కారు అయినా దుబారా బండియే. బస్సు వెళ్ళే దారిలో, బస్సు వెళ్ళే వేళలో ప్రయాణించేవారికి కారు అవసరం వేరే కారణాల వలన కలగవలెను గాని పొదుపు వలన కాదు.

1970లో చిన్న కారు తయారీకి సంజయ్ గాంధీకి అనుమతి పత్రం లభించినది. 1971లో మారుతి లిమిటెడ్ వెలిసినది. ప్రజలకు కార్లను అందించకుండానే ఆ సంస్థ మూతపడినది. ఈ మధ్యలో 1973 నాటి అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధానంతరం ముడి చమురు ధర కొద్ది నెలలలో సుమారు నాలుగు రెట్లయినది. పెట్రోలు ఖర్చు మధ్యతరగతి ఇంటి పద్దులలో పెద్ద అంకె కావటం అప్పటి నుండియే. 1981లో ప్రభుత్వరంగంలో మారుతి ఉద్యోగ్ సంస్థ ఏర్పడినది. 1982 అక్టోబరులో జపానుకు చెందిన సుజుకి సంస్థతో ఒప్పందం కుదిరినది.

1983 తరువాత

పది వేల రూపాయల డిపాజిట్టు కట్టి పేరు నమోదు చేసికొనమని 1983లో ప్రకటించగా లక్షమందికి పైగా ముందుకు వచ్చారు. ఆ సంవత్సరం డిసెంబరు 14వ తేదీన మొదటి కారు తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ ఒక విమానయాన సంస్థ ఉద్యోగికి అందజేశారు. ఆనాటి ధర ఏబది వేల రూపాయలకు కొంచెం అటు ఇటు. మూడు సిలిండర్లు, 796 సి.సి., సుమారు నలభై అశ్వశక్తులు, ముందు చక్రాల చలనం, దాదాపు 650 కిలోల బరువు ఈ కారు లక్షణాలు. అంతకు ముందు మన కార్లలో ఇంజను ముందు, నడిపే చక్రాలు వెనుక. 'మినీ' కారుతో ప్రసిద్ధికెక్కిన అడ్డపు ఇంజను ఏర్పాటు దాదాపు పాతికేండ్ల తరువాత ఇట్లా మన ఊళ్ళకు వచ్చినది.

దేశంలో అనేక కుటుంబాలకు మారుతి 800 మొదటి కారు అయినది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయినది. కాలుష్య నిబంధనలు కఠినమైన పదమూడు నగరాలలో 2010 ఏప్రిల్ నుండియే అమ్మకం ఆగినది. హైదరాబాదు వాటిలో ఒకటి. విజయవాడ ఆ జాబితాలో లేదు కనుక ఇక్కడ అది మరికొంత కాలం దొరికినది. అంబాసిడర్ తయారీ కూడా 2014లోనే ముగియటం గమనింపదగినది. ఒక యుగంలోని రెండు రకాల పొదుపులు ఒకే సంవత్సరంలో సెలవు తీసికొన్నవి.

1993లో కార్ల తయారీకి లైసెన్సు విధానం తొలగింది. 1998లో మద్రాసు సమీపంలో తయారైన శాంత్రో, టాటా వారి ఇండికా వంటివి వచ్చి కొనేవానికి ఎంపిక పెరిగినది. 2000 సంవత్సరం ప్రాంతంలో సీసం లేని పెట్రోలు దేశమంతటికీ వచ్చినది. కార్బ్యురేటరు స్థానంలో, కావలసినంత పెట్రోలును మాత్రమే కొలిచి చిమ్మే ఇంజక్షను పద్ధతి వ్యాపించినది. 2006 బడ్జెటులో నాలుగు మీటర్ల లోపు పొడవు, నిర్ణీత పరిమాణంలోపు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించటంతో 'చిన్న కారు' అనే మాటకు పన్నుల శాస్త్రంలో ఒక నిర్వచనం ఏర్పడినది. 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి.ని పదునెనిమిది శాతానికి తగ్గించినప్పుడు కూడా చిన్న కార్లకు దాదాపు ఇవే హద్దులను వాడినారు.

పొదుపు ఎక్కడ నుండి వస్తుంది?

కదిలే కారు మూడు నిరోధాలను జయించవలెను. మొదటిది టైర్లు దొర్లేటప్పటి నిరోధం. టైరు నేలను తాకినచోట అణగి మరల పూర్వరూపం పొందటంలో కొంత శక్తి వేడిగా పోతుంది. మంచి రోడ్డు మీద ఇది కారు బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతులు. కనుక బరువు తగ్గితే ఇది కూడా తగ్గుతుంది. టైర్లలో గాలి తక్కువైతే పెరుగుతుంది. రెండవది గాలి నిరోధం. ఇది వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నదానికంటె నూరు కిలోమీటర్ల వేగంలో ఇది నాలుగు రెట్లు. మూడవది ఎత్తు ఎక్కటానికి కావలసిన బలం. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే రోడ్డు మీద కారు తన బరువులో నూటికి అయిదు వంతుల బలాన్ని అదనంగా చూపవలెను. అనగా దొర్లేటప్పటి నిరోధానికి మూడు నుండి అయిదు రెట్లు.

ఇక ఇంజను సంగతి. పెట్రోలులోని శక్తిలో నాల్గవ వంతు ప్రాంతం మాత్రమే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. తక్కినది రేడియేటరు గుండా, పొగగొట్టం గుండా వేడిగా పోతుంది. పెద్ద ఇంజనును తక్కువ పనికి వాడితే ఈ పాలు మరింత పడిపోతుంది. పెట్రోలు ఇంజను శక్తిని తగ్గించటానికి గాలి దారిని ఒక రేకుతో సగం మూస్తారు. అప్పుడు పిస్టన్లు గాలిని బలవంతంగా పీల్చుకొనవలసి వచ్చి కొంత శక్తి వృథా అవుతుంది. చిన్న ఇంజను అదే పని చేసేటప్పుడు ఆ రేకు ఎక్కువగా తెరచుకొని ఉంటుంది, వృథా తక్కువ. రెండు బస్తాల ధాన్యానికి పెద్ద బండి కట్టి, రెండు ఎడ్లను ఊరక మేపటం వంటిదే పట్టణంలో పెద్ద ఇంజను నడపటం.

డెల్టా పెట్టే పరీక్ష

ఈ సూత్రాలను కృష్ణా డెల్టాకు అన్వయిస్తే ఆసక్తికరమైన విషయాలు తేలుతవి. విజయవాడ సముద్రమట్టం కంటె పాతిక మీటర్ల లోపు ఎత్తున ఉన్నది. అక్కడి నుండి బందరు సుమారు డెబ్బది కిలోమీటర్లు. ఇంత దూరంలో నేల దిగేది ఆ కొద్ది మీటర్లే. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు వంటివి, వంతెనల మీది ఎక్కుళ్ళు తప్పితే మూడవ నిరోధం ఇక్కడ దాదాపు లేదు. కొండప్రాంతంలో రొప్పే ఎనిమిది వందల సి.సి. ఇంజను డెల్టాలో హాయిగా నడుస్తుంది. చిన్న ఇంజనుకు ఇంతకంటె అనుకూలమైన నేల అరుదు.

కాని ప్రతికూలాలు కూడా ఉన్నవి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెరలు విచ్చుతుంది. అందువలన దాని మీద వేసిన రోడ్లు అలలవలె ఎగుడుదిగుడు అవుతవి. కాలువ గట్ల మీది దారులు ఇరుకు. చిన్న చక్రాలు, నేలకు తక్కువ ఎత్తు ఉన్న బండికి ఇవి కష్టం. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటటం ఇక్కడ సామాన్యం. శీతలయంత్రం నడపటానికి కొన్ని అశ్వశక్తులు ఖర్చవుతవి. నూరు అశ్వశక్తుల ఇంజనుకు అది లెక్కలోనిది కాదు; నలభై అశ్వశక్తుల ఇంజనుకు పెద్ద వంతు. కంపెనీవారు ప్రకటించే మైలేజి, మే నెలలో బెంజి సర్కిల్ వద్ద ఆగి ఆగి నడిచే కారు మైలేజి ఒకటి కావు. సముద్రతీరం వైపు ఉప్పుగాలి రేకును తినివేస్తుంది. అటువైపు పాత కారు కొనేవారు ఇంజను కంటె ముందు అడుగురేకును చూడవలెను.

అన్నిటికంటె పెద్ద పరీక్ష నీరు. 2024 సెప్టెంబరు మొదటి దినాలలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగర్ మొదలైన ప్రాంతాలను ముంచినప్పుడు అనేక వాహనాలు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. గాలి దారి గుండా సిలిండరులోకి నీరు చేరితే, గాలివలె నీరు అణగదు కనుక, తిరగబోయిన ఇంజనులో పిస్టను కడ్డీ వంగిపోతుంది. మునిగిన కారును ఒక్కసారి 'స్టార్టు' చేసి చూడటం అనే చిన్న పొరపాటుతో ఇంజను మొత్తం పోవచ్చును. అటువంటి కారును తోసుకొనో, లాగించుకొనో మరమ్మతుకు చేర్చవలెను. సొంత బండికి జరిగే నష్టాన్ని పూరించే బీమా, పల్లపు వీథులలో ఉండేవారికి పొదుపులో భాగమే గాని అదనపు ఖర్చు కాదు.

లీటర్ల లెక్క

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే కొలతలో ఒక చిక్కు ఉన్నది. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసికొందాం. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చే కారుకు 60 లీటర్లు కావలెను. పదిహేను ఇచ్చేదానికి 40, ఇరవై ఇచ్చేదానికి 30, ఇరవై అయిదు ఇచ్చేదానికి 24 లీటర్లు. ప్రతి మెట్టులోను పెరిగినవి అయిదు కిలోమీటర్లే. కాని మిగిలిన పెట్రోలు మొదటి మెట్టులో 20 లీటర్లు, రెండవదానిలో 10, మూడవదానిలో 6 మాత్రమే. అంబాసిడర్ నుండి మారుతికి మారినవారికి కలిగిన లాభం నేడు ఒక చిన్న కారు నుండి మరింత పొదుపైన చిన్న కారుకు మారేవారికి కలుగకపోవటానికి కారణం ఇదే.

నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారికి ఇరవై నుండి ఇరవై అయిదుకు పోతే మిగిలేది మూడు లీటర్లు. దాని కొరకు వేల రూపాయలు అదనంగా పోసి కొత్త రకం కొనటం పొదుపు కాదు. రోజూ విజయవాడ నుండి ఏలూరుకో, గుంటూరుకో పోయివచ్చి నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగేవారికి అదే తేడా 20 లీటర్లు. అట్టివారికి అదనపు ధర కొద్దికాలంలోనే తిరిగి వస్తుంది. సి.ఎన్.జి. విషయం కూడా ఇంతే. కృష్ణా–గోదావరి తీరాన నేలలో గ్యాసు ఉన్నది, విజయవాడలో సి.ఎన్.జి. బంకులు వెలిసినవి, ఆటోలు దానిని బాగా వాడుకొన్నవి. కాని సిలిండరు బరువు, అది ఆక్రమించే సామాను చోటు, బంకు దూరం, వరుసలో నిలిచే వేళ — వీటిని కూడా లెక్కలో వేయవలెను. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపటం 2025 నాటికి దేశమంతటా అమలైనది. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలు లీటరులో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. కనుక మైలేజి కొద్ది శాతం తగ్గటం సహజం. పాత కారు కొనేవారు దాని రబ్బరు గొట్టాలు ఈ ఇంధనానికి తగినవో కావో విచారించవలెను.

డెల్టా రైతుకు మరొక లెక్క ఉన్నది. అతని ఆదాయం సార్వాకు, దాళ్వాకు వస్తుంది. కారు వాయిదా నెలనెలా కట్టవలెను. పంట డబ్బు చేతికి వచ్చిన సంక్రాంతి రోజులలో తేలికగా కనిపించిన వాయిదా, ఆషాఢంలో ఎరువులకు, కూలికి పెట్టుబడి పెట్టవలసిన వేళ బరువవుతుంది. మునిగిన పంటకు ధాన్యం రాకపోయినా వాయిదా ఆగదు. కారు ధర కంటె ముందు, ఆదాయం లేని నెలలలో కట్టగల మొత్తం ఎంతో నిర్ణయించుకొనటం క్షేమం.

చవకకు హద్దు

ధరను అన్నిటికంటె ముందు పెట్టిన ప్రయోగం ఒకటి మన దేశంలోనే జరిగినది. 2008 జనవరిలో ప్రదర్శించి 2009లో అమ్మకానికి పెట్టిన టాటా నానో ధర లక్ష రూపాయలుగా ప్రకటించారు. ఇంజను 624 సి.సి., రెండు సిలిండర్లు. స్కూటరు మీద నలుగురుగా పోయే కుటుంబానికి కప్పు కల్పించవలెననే ఆశయం దాని వెనుక ఉన్నది. కాని 'అతి చవక' అనే పేరే దానికి అడ్డయినది. దాచుకొన్న డబ్బుతో కారు కొనేవాడు వాహనంతో బాటు ఊళ్ళో ఒక గౌరవాన్ని కూడా కొంటాడు. 2018 నాటికి దాని ఉత్పత్తి నామమాత్రం అయినది.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు చిన్న కార్లను గుద్దించి పరీక్షించినది. గాలిసంచులు లేని అయిదు రకాలకు, నానోతో సహా, పెద్దల రక్షణ విషయంలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. బరువు తగ్గించటం ఒక హద్దు దాటితే అది మనిషి ప్రాణం మీద చేసిన పొదుపు అవుతుందని అందరికీ తెలిసినది. 2017 అక్టోబరు నుండి కొత్త నమూనాలకు, 2019 నుండి అన్ని కార్లకు గుద్దుడు పరీక్షల నిబంధనలు వర్తించినవి. వాటివలన కార్ల బరువు, ధర కొంత పెరిగినవి. ఆ పెరుగుదలను నష్టంగా భావించరాదు. లారీలు నడిచే జాతీయ రహదారి మీద రోజూ పోవలసినవారు మైలేజి అంకె కంటె ముందు నక్షత్రాల సంఖ్యను చూడటం వివేకం.

ఇటీవలి సంవత్సరాలలో దేశంలో ఎత్తైన, బరువైన కార్లకు ఆదరణ హెచ్చినది. 2019లో అనంతపురం జిల్లా పెనుకొండ వద్ద ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారం నుండి మొదట వెలువడినది కూడా అటువంటి బండియే. గతుకుల రోడ్లకు, వాన నీటికి అవి కొంత మేలైనవే. కాని దొర్లే నిరోధం, గాలి నిరోధం అనే రెండు లెక్కలు వాటికీ తప్పవు.

కొనేవారికి చరిత్ర చెప్పేది

ఈ చరిత్రలో గెలిచిన కార్లన్నీ ఒక విధంగా గెలువలేదు. అంబాసిడర్ మరమ్మతులో పొదుపు చూపినది. మారుతి ఇంధనంలో పొదుపు చూపినది. దానికి తోడు ఊరూరా విడిభాగాలు అందినవి. నానో కొనుగోలు ధరలో పొదుపు చూపినది కాని నిలువలేదు. కొనదలచినవారు ముందుగా ఒక కాగితం మీద తమ నెలసరి దూరం, కూర్చునే మనుషులు, నడిచే దారి, అందుబాటులో ఉన్న మరమ్మతు వసతి, ఆదాయం లేని నెలలలో కట్టగల వాయిదా — ఈ అయిదింటిని వ్రాసికొనవలెను. మైలేజిని కిలోమీటర్లలో గాక నెలకు అయ్యే లీటర్లలో చూడవలెను. రక్షణను బేరంలో వదలుకొనరాదు. ఈ లెక్క పూర్తి అయిన తరువాత కొందరికి చిన్న కొత్త కారు, కొందరికి బాగుగా వాడిన పాత కారు తగినదని తేలుతుంది. వారానికి ఒక్కసారి మాత్రమే ప్రయాణం ఉన్నవారికి బస్సు, అవసరానికి అద్దె కారు చాలునని కూడా తేలవచ్చును. ఏది తేలినా ఆ కుటుంబానికి అదే పొదుపు.